వడియాలు పెట్టిన పెట్టె

ఒక పాస్టరుగారి తెల్ల చొక్కాను, ఒక కొత్త మోటారును, మా పెద్దమ్మ దగ్గర నాకున్న పరువును ఒకే ఒక్క నిమిషంలో జావలో ముంచిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. కానీ ముందే అంటున్నాను, తప్పు మొత్తం నాది కాదు. అందులో పావలా వంతు భాషది, పావలా వంతు కంప్యూటర్‌ది. మిగిలిన అర్ధ రూపాయి సంగతి చివర్లో తేల్చుకుందాం.

నా పేరు సాల్మన్. బైబిల్లో అందరికంటే తెలివైన రాజు పేరు వెతికి మరీ పెట్టారు. పేరైతే నిలిచింది. పటాన్‌చెరులో తిండి పదార్థాలు ఎండబెట్టే డ్రయ్యర్లు తయారుచేసే చిన్న కంపెనీలో నాది డిజైన్ పని. డ్రయ్యర్ కట్టకముందే దాన్ని కంప్యూటర్‌లో కట్టి, లోపల వేడిగాలి ఎటు పోతుందో, ఏ ట్రే ఎంతసేపటికి ఆరుతుందో రంగుల్లో చూసుకుంటాం. వేడెక్కువైన చోట ఎరుపు, చల్లటి చోట నీలం. చేరిన కొత్తలో ఆ రంగులు చూసి, ఎండను నేనే కనిపెట్టినట్టు తిరిగేవాణ్ణి.

మా ఎస్తేరు పెద్దమ్మది బొంతపల్లి. మరో ఎనిమిది మంది ఆడవాళ్లతో కలిసి సగ్గుబియ్యం వడియాలు చేసి సంగారెడ్డిలో ఒక కిరాణా సేటుకు ఇస్తుంది. ఆ ఏడు పట్టిన ముసురు వారమైనా వదల్లేదు. డాబా మీద వడియం ఆరడం అటుంచి, నాచు పట్టేలా ఉంది. వాళ్ల షెడ్డులోని పాత డ్రయ్యర్‌లో కింది ట్రే మాడేది, పై ట్రే పచ్చిగా ఉండేది. వచ్చే సోమవారానికి సరుకు రాకపోతే ఇంకొకరి దగ్గర తీసుకుంటానని సేటు ఫోన్ చేశాడు. ఆయన ఒకసారి అటు తిరిగితే వానాకాలమంతా తొమ్మిది మందికీ పని ఉండదు.

"ఏదన్న చెయ్ బిడ్డా, నువ్వు గా కంపిటర్ల అన్నీ సూస్తవు గదా" అంది పెద్దమ్మ.

"నువ్వు పరేషాన్ గాకు. ఒక వడియం ఇయ్యి, కొలత తీస్కుంట. ట్రేలల్ల మీరేం చేస్తరు?"

"ఏం చేస్తం, వడియాలు పెడతం."

పెడతం. భాష వంతు పావలా ఇదే. పెట్టడమంటే పెట్టడమే కదా, గిన్నె గూట్లో పెట్టినట్టు. తెలుగు మాటను నమ్మడం కూడా నేరమేనా?

పెద్దమ్మ పళ్లెంలో నాలుగు వడియాలు తెచ్చింది. మూడు తిన్నాను. నాలుగోదాన్ని వెర్నియర్‌తో కొలిచాను. ఇంత వెడల్పు, ఇంత మందం, గట్టి సరుకు, కరకరలాడుతోంది. మీకు అర్థమైపోయింది, నవ్వుతున్నారు. నాకు అర్థం కాలేదు.

ఆఫీసులో ఆ వడియాన్నే బొమ్మగీసి, వందల లెక్కన ట్రేల్లో పేర్చాను. తడి ఎంతని కంప్యూటర్ అడిగింది. చేతిలో ఉన్నదాన్ని చూసి, ఉందా లేదా అన్నంత అంకె వేశాను. ఫ్యానును అడుగున పెట్టి, ట్రేల అడుగు జాలీకి పెద్ద రంధ్రాలు ఇచ్చి, గాలిని నిటారుగా పైకి పంపాను. తెర మీద ట్రేలన్నీ ఒకే రంగు, ముప్పావు గంటలో వడియాలన్నీ ఎండాయి. ఎండవా మరి? ముందే ఎండి, నూనెలో వేగి వచ్చాయి. లక్షల లెక్కలు వేసే యంత్రం ఒక్క మాట అడగలేదు, ఇది వేయించిందా నాయనా అని. ఇప్పటికీ నాకు దాని మీద కోపమే.

ఆ పాత డ్రయ్యర్ పెట్టెకు మార్పులు చేసి, కొత్త మోటారు బిగించినవాడు వెల్డింగ్ యాదగిరి. "బొక్కలు గింత పెద్దగెందుకు సార్? బువ్వ గూడ జారతది" అన్నాడు.

"గాలి ఆడాలె యాదగిరన్నా. నీకు తెల్వదు."

గురువారం పొద్దున అంతా షెడ్డుకు చేరారు. ప్రార్థన చేయడానికి పాస్టరుగారు కూడా వచ్చారు. పెద్దమ్మ చేతిలో పాత నూలు చీర ముక్కలు ఉన్నాయి.

"గుడ్డలెందుకు?"

"కింద పరవాలె గదరా."

"వద్దు. గాలి ఆగుతది. కంప్యూటర్ల గుడ్డ లేదు."

"కంపిటర్ల లేకుంటే ఇంట్ల గూడ ఉండొద్దా?"

"పెద్దమ్మా, నేను చదువుకొని వచ్చిన. నా మాటిను."

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. ఆమె గుడ్డలు పక్కన పడేసి, చల్లారిన సగ్గుబియ్యం జావను గరిటెతో జాలీ మీద పోయసాగింది.

"పోస్తున్నవేంది? పెడతం అన్నవు గదా."

"పెట్టుడంటే పోసుడే. వడియాలు పెట్టుడు అనరా లోకంల?"

అప్పుడైనా ఆగాలి. ఆగలేదు. చిక్కటి జావ జాలీని పట్టుకుని నిలిచింది. "గాలి తగిలితే గట్టిపడతది" అన్నాను, ఎవరూ అడగకముందే. గాలి సమానంగా రావడం అందరూ చూడాలని తలుపు తెరిచి ఉంచమన్నదీ నేనే. పాస్టరుగారు పెట్టె ముందు నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. స్విచ్ వేశాను.

వేడి తగలగానే జావ వదులైంది. పై ట్రేది కింది ట్రేలోకి, అది ఇంకా కిందికి, చివరికి అంతా ఫ్యాను మీదికి దిగింది. ఫ్యాను తన పని తాను చేసింది. తెర మీద చూపించినట్టే, ఒక్క మూల వదలకుండా సమానంగా పంచింది.

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకోబోయి, చొక్కా చూసి మానుకున్నారు. "గాలి మంచిగనే వస్తుంది సాల్మన్" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "జావ అని ముందే చెప్పొద్దా పెద్దమ్మా? నాకిచ్చిన వడియం గట్టిగ ఉండె గదా."

"గోలిచ్చినంక గట్టిగనే ఉంటది."

"కొలతకు అడిగితే నూనెల గోలిచ్చి ఇచ్చినవా?"

"ఇంటికొచ్చిన బిడ్డకు పచ్చిది పెడతనా? చిన్నప్పుడు కాకుల తోలమని వడియాల కాడ కూసోబెడితే గుర్రుపెట్టి పన్నవు. జావ సంగతి నీకెట్ల తెలుస్తది?"

ఆడవాళ్లు నేల తుడుస్తున్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సోమవారానికి మధ్యలో మూడు రోజులే ఉన్నాయి, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను తెర మీద గెలిచి షెడ్డులో ఓడాను.

పచ్చి జావ ఒక డబ్బాలో, చీర ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాను. ఈసారి జావ తడిని నిజంగా తూచాను. గుడ్డను కూడా బొమ్మలో పరిచాను. గుడ్డ ఉంటే గాలికి కింది నుంచి దారి ఉండదు, పక్క నుంచి ట్రేల మీదుగా పోవాలని తేలింది. శుక్రవారం సాయంత్రానికి యాదగిరి, మోటారు కడిగి, ఫ్యానును పక్క గోడకు బిగించాడు, ఒక్క మాట కూడా అనకుండా. ఆ మౌనానికి నేను రుణపడి ఉన్నాను. శని, ఆదివారాలు పెట్టె ఆగకుండా నడిచింది. ఏ ట్రే మాడలేదు, ఏ ట్రే పచ్చిగా మిగల్లేదు. సోమవారం పొద్దున వడియాలు సంగారెడ్డి బస్సెక్కాయి. సేటు మళ్లీ ఫోన్ చేశాడు, ఇంకా కావాలని.

మా కంప్యూటర్‌లోని పదార్థాల జాబితాలో రేకు, ఇనుము, గాజు పేర్ల పక్కన ఇప్పటికీ 'ఎస్తేరు చీర' అనే పేరు ఉంది. ఇదేందని మా మేనేజర్ అడిగాడు. "నూలుది సార్, ఏడేండ్లు కట్టి ఉతికింది. కొత్తదైతే తడి పీల్చదు" అన్నాను.

తర్వాతి ఆదివారం పెద్దమ్మ అన్నంలో పప్పు వేసి, పక్కన ఒక వడియం పెట్టింది. "ఇగో, ఇది గోలిచ్చినది. కొలుస్తవా, తింటవా?"

ఆ వడియం మీద చెయ్యి ఉంచి, అందరి ముందూ ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ తిండి వస్తువునైనా, పచ్చిగా ఉన్నప్పుడు దాని ముఖం చూడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించను. ఇక ఆ అర్ధ రూపాయి. న్యాయంగా అదంతా నాదే. కానీ నేను మూడు వడియాలు నమిలి నాలుగోది కొలుస్తుంటే ఎదురుగా కూర్చుని చూసి కూడా, "ఇంకో రెండు తేవాల్నా?" అని మాత్రమే అడిగింది కాబట్టి, అందులో పావలా మా పెద్దమ్మది.