రెండు కార్డులు, ఒక కూలర్

నా నోటుబుక్కులో ఒక పేజీకి నడుమ నిలువు గీత ఉంటుంది. ఎడమ పక్క పాత తరం గ్రాఫిక్స్ కార్డు, కుడి పక్క కొత్త తరం కార్డు. ఎడమదానికి పన్నెండు జీబీల మెమరీ, కుడిదానికి ఎనిమిది. ఎడమది నూట డెబ్బై వాట్లు తాగుతుంది, కుడిది నూట పదిహేను. వేగంలో కుడిదే కాస్త మేలు. ‘పనితీరు’ అని రాసుకున్న వరుసను మాత్రం ఖాళీగా ఉంచాను. కార్డు మా ఇంట్లో పనిచేశాకే అది నింపాలనుకున్నాను.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నల్గొండలో, మూడో అంతస్తు మీద ఒక గది, చిన్న వంటిల్లు. పైన స్లాబు తప్ప ఇంకేమీ లేదు. అప్పటికి పాపకు పది నెలలు. ఈ పని నిలబడితే పాప నా దగ్గర ఉంటుంది. లేకపోతే నేను మళ్లీ హైదరాబాదు ఉద్యోగానికి పోవాలి, పాపను ఊర్లో మా అత్త దగ్గర వదలాలి. మధ్యేమార్గం లేదు. పని ఇచ్చే స్టూడియో అతను ఫోన్లో తేల్చి చెప్పాడు.

“అక్కా, గీ సీజన్ల మూడు దినాలకు పెండ్లి వీడియో నా చేతికి రావాలె. నీ కంప్యూటర్ గట్లనే కుంటుకుంట నడిస్తే నేను వేరేటోళ్లకు ఇచ్చుకుంట. మల్ల నువ్వు అలుగొద్దు.”

అందుకే ఆ గీత. రోజంతా పాపను ఒడిలో పెట్టుకొని, ఫోన్లో పోలికల వీడియోలు చూసి, ఒక్కో అంకె రాసుకున్నాను.

ఒక పొద్దున మా మామ చిట్యాల దగ్గరి ఊరి నుంచి పెరుగు పట్టుకొని వచ్చాడు. ఆయనది గొర్రెల మంద. నేల మీద కూర్చొని పాపను ఆడిస్తూ నోటుబుక్కు వైపు చూశాడు.

“ఏం రాస్తున్నవ్ బిడ్డా?”

“రెండు కార్డులు మామా. ఏది కొనాల్నో తెలుస్తలేదు.”

“పండ్లు చూసినవా?” అని నవ్వాడు. గొర్రె వయసు నోట్లోని పండ్లలో తెలుస్తుంది కాబట్టి ఆయనకు అదే మొదటి ప్రశ్న. నేనూ నవ్వి, అంకెలన్నీ చదివి వినిపించాను. ఓపికగా విన్నాడు.

“నాకు నీ లెక్కలు తెల్వయ్ గని, నేనైతే అంగట్ల పొద్దుగాల గొర్రెను కొనను. ఉప్పునీళ్లు తాపి తోలుకొస్తరు. కడుపు నిండుగ కనబడ్తది. ఎండల తిరిగి తిరిగి పొద్దుగూకినంక ఎట్ల నడుస్తాందో చూస్త. అప్పుడే దాని సంగతి ఎరుకైతది.”

“ఇది గొర్రె కాదు మామా.”

“కాదు తియ్,” అన్నాడు. పాప ఆయన మీసం పట్టి లాగుతోంది.

నేను పన్నెండు జీబీలదే కొన్నాను. మూడు కెమెరాల పెద్ద ఫైళ్లు ఒకేసారి తెరిస్తే మెమరీ చాలాలి కదా అనుకున్నాను. చలికాలం పోయి ఎండలు ముదిరే దాకా అది బాగానే నడిచింది. మే నెల వచ్చాక, మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు కాగానే కార్డు వేడెక్కి, తనంతట తాను వేగం తగ్గించుకునేది. నేను చూసిన వీడియోల్లో పరీక్షలన్నీ ఏసీ గదుల్లో పది నిమిషాలు చేసినవి. మా గదిలో ఉన్నది ఒక్క కూలర్. అది చీరతో కట్టిన పాప తొట్టెల వైపు తిరిగి ఉండేది.

ఆ రోజు సాయంత్రానికి ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి. మధ్యాహ్నం మూడు. పాప నిద్రపోతోంది. స్క్రీన్ మీద వీడియో తయారవడానికి ఇంకా గంటన్నర అని చూపిస్తోంది. నేను లేచి, కూలర్‌ను కంప్యూటర్ వైపు తిప్పాను.

కార్డు వెంటనే కోలుకుంది. మిగిలిన సమయం నా కళ్లముందే తగ్గుతూ వచ్చింది. నేను స్క్రీన్ మీద పెరిగే శాతాన్నే చూస్తూ కూర్చున్నాను. వంద అయ్యింది. నోటుబుక్కు తెరిచి, ఖాళీగా ఉంచిన వరుసలో, కూలర్ తిప్పాక పట్టిన సమయం రాశాను: ముప్పై ఎనిమిది నిమిషాలు. అప్పుడు లేచి తొట్టెల దగ్గరికి పోయాను.

పాప ఒళ్లు పెనంలా ఉంది. పిలిస్తే కళ్లు సగమే తెరిచింది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

దవాఖానలో నర్సు తడిబట్టలు వేస్తూ, “పసిపిల్ల ఒళ్లు గిట్ల కాలుతుంటే ఎటు చూసుకుంట కూసున్నవమ్మా?” అంది. డాక్టరు, “ఇంట్లో కూలర్ లేదా?” అని అడిగాడు.

“కరెంటు పోయింది సార్,” అన్నాను. ఎంత సులువుగా అన్నానో.

చీకటి పడేసరికి పాప పాలు తాగింది, గట్టిగా ఏడ్చింది. అప్పటికి మా ఆయన పని నుంచి వచ్చాడు. ఆయనకూ అదే చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, “నువ్వేం జేస్తవ్, ఫికర్ చెయ్యకు,” అన్నాడు. ఆ చెయ్యి బరువుకు తల వంచుకున్నాను.

మరునాడు ఊరి నుంచి మామ వచ్చాడు. మా ఆయన టిఫిన్ కోసం బయటికి పోయినప్పుడు, అడగకముందే ఆయనకు జరిగింది చెప్పేశాను. మామ పాప అరికాలు పట్టుకొని నిమిరాడు.

“మందల గొర్రెపిల్లకు వడదెబ్బ తగిల్తె నేను కూడ మా నాయినకు పాము ముట్టిందని చెప్పిన ఒకపారి,” అన్నాడు. “నాయిన పామును దేవులాడుకుంట రెండు దినాలు పొదలన్ని నరికిండు. నా కొడుక్కు కూడ చెప్పు బిడ్డా.”

నేను చెప్పలేదు. పాత కార్డు అమ్మేసి, ఎనిమిది జీబీలది తెచ్చుకున్నాను. అది తక్కువ వేడెక్కుతుంది. కానీ పెద్ద ఫైళ్లకు మెమరీ సరిపోక ఆగిపోతుంది. పెళ్లిని ముక్కలు ముక్కలుగా చేసి, చివర కలుపుతాను. మూడు రోజుల పని నాలుగు రోజులవుతోంది. స్టూడియో అతను గొణుగుతూనే, ఇంకా పని ఇస్తున్నాడు. ఎన్నాళ్లు ఇస్తాడో తెలియదు. కూలర్ తొట్టెల వైపే ఉంటుంది.

ఈ సాయంత్రం మా ఆయన చెప్పులు వేసుకుంటూ, “ఇన్వర్టర్‌కు చెప్పొస్త. మల్ల కరెంటు పోతే పిల్ల ఆగమైతది,” అన్నాడు. ఆయన కూడా పాము కోసం పొదలు నరకడానికే బయలుదేరాడు.

“ఆ దినం కరెంటు పోలేదు,” అన్నాను. “కూలర్ నేనే తిప్పిన. కంప్యూటర్ దిక్కు.”

ఆయన చెప్పులతోనే గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎంతసేపు?”

నాకు ఆలోచించాల్సిన అవసరం రాలేదు. నోటుబుక్కు తెచ్చి, ఆ పేజీ తెరిచి ఇచ్చాను. ఆయన నా చేతిరాతలో ఉన్న అంకె చదివాడు. చాలాసేపు చదివాడు. పుస్తకం నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి, బిందె తీసుకొని కూలర్‌లో నీళ్లు పోశాడు. అన్నం తిన్నాడు. ఇప్పుడు తొట్టెల పక్కన, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు.