నేను చూడని వెలుగు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాని బరువు అలవాటైపోయిందనుకున్న రోజులు కూడా ఉన్నాయి. లేదు, అవ్వలేదు. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇదంతా ఎప్పుడో చెప్పేసేదాన్ని కదా.

మాది సామర్లకోట. కింద మా స్టీలు సామాన్ల కొట్టు, పైన ఇల్లు. మా వీధిలోనే ఉండే రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు గురువారం పొద్దుటిపూట వాళ్ల మేడ మీద ధ్యానం చేయించేవారు. పదిహేనుమంది ఆడవాళ్లం. నలభై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం, తర్వాత వరసగా ఒక్కొక్కరూ తమ అనుభవం చెప్పడం. దేవుడు గుడిలోనే కాదు, మీలోనూ ఉన్నాడు, ఊరికే కూర్చుని చూసుకోండి అనేవారు మాస్టారు. నేనూ చూసుకునేదాన్ని. మోకాళ్ల నొప్పి, కొట్లో అమ్ముడుపోని కుక్కర్లు, మధ్యాహ్నం కూర ఏం చెయ్యాలి, ఇవే తగిలేవి.

మూడో వారమో నాలుగో వారమో, నా ముందు కూర్చున్నావిడ తనకి గంటలు వినపడ్డాయంది. అందరూ ఆవిడ వైపు తిరిగి చూశారు. నా వంతు వచ్చింది. కనుబొమల మధ్య నీలం వెలుగు కనపడిందన్నాను. ఎందుకన్నాను? ఇంట్లో నా మాటకి ఎవరూ తల తిప్పి చూడరు, అందుకేనా? అదీ ఒక కారణమే గానీ, అసలు సంగతి ఏంటంటే గొప్పదాన్ని అనిపించుకోవాలనుకున్నాను. అనిపించుకున్నాను. ఆ వెలుగు వారం వారం పెరిగింది. ఏడాది తిరిగేసరికి, మాస్టారికి ఒంట్లో బాగోని రోజుల్లో నేనే అందరినీ కూర్చోబెట్టేదాన్ని.

అప్పుడు వచ్చారు పాపాయమ్మ గారు. పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే, యాభై దాటిన మనిషి. ఆటోలో వచ్చి, వెనకాల గోడ వారన కూర్చునేవారు. ఆరు నెలల పాటు ప్రతి వారం ఆవిడ చెప్పింది ఒకటే. నల్లగానే ఉందండి. కొందరు నవ్వుకునేవారు. నాకు మాత్రం చిరాకు వేసేది. అది చిరాకు కాదు, భయం. ఆ మేడ మీద ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఆవిడొక్కరే, ఇంకొన్నాళ్లు ఇలాగే చెబితే మిగతావాళ్లు కూడా నిజం చెప్పడం మొదలుపెడతారేమో, అప్పుడు నా గతేంటి అని.

ఒకరోజు అందరూ వెళ్లాక ఆవిడ నన్ను మెట్ల దగ్గర ఆపారు.

“మీకు ఎలా కనపడిందో చెప్పండమ్మా. నేనేం తప్పు చేస్తున్నానో తెలీట్లేదండి.”

“తప్పు కూర్చోవడంలో లేదండి. లోపల ఏదో మలినం ఉండుంటుంది. అది పోతే గానీ దేవుడు కనపడడు.”

ఆవిడ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయారు. “అయితే మీకు తెలిసిపోయిందన్నమాట,” అన్నారు.

నాకేం తెలుసు? ఏమీ తెలీదు. ఆవిడే చెప్పారు. ఊడ్పుల రోజున, మంచంలో ఉన్న అత్తగారు మంచినీళ్లు అడిగారట. చేలో కూలీలు ఎదురుచూస్తున్నారని, ఇప్పుడే వచ్చి ఇస్తానని చెప్పి వెళ్లిపోయారట. వచ్చేసరికి ఆ ముసలావిడ ప్రాణం పోయింది. ఇరవై ఏళ్ల నాటి మాట. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. అప్పుడైనా నేను నోరు విప్పాలి కదా? ఆవిడ చెయ్యి పట్టుకుని, నాకూ నల్లగానే ఉంటుందండి, అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. అన్నీ తెలిసినదాన్లా కళ్లు మూసుకుని తలూపాను. ఆ తలూపడం తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆవిడ మళ్లీ రాలేదు. రెండేళ్ల తర్వాత ఒక కార్తీక సోమవారం ద్రాక్షారామంలో కనపడ్డారు. వాళ్లింటిల్లిపాదీ దర్శనానికి లోపలికెళ్తే, ఆవిడ బయట చెప్పుల దగ్గర కూర్చున్నారు. ఇంట్లో దీపం కూడా కోడలే పెడుతోందట, తాను పనికిరానట. నన్ను చూసి లేచి రెండు చేతులూ జోడించారు. నేను ఆ దణ్ణం అందుకుని లోపలికి వెళ్లాను.

మాస్టారు పోయారు. ఆ గురువారాలూ ఆగిపోయాయి. కూర్చునే అలవాటు మాత్రం నాకు మిగిలింది. పోయిన నెల ఒక ఉదయం కూర్చున్నాను. ఎప్పటిలాగే నలుపు. ఏమీ లేదు, ఎప్పుడూ లేదు, అని మొదటిసారి నాలో నేను ఒప్పుకున్నాను. అప్పుడు తట్టింది. నీలం వెలుగు అన్న మొదటి రోజే, అది అబద్ధమని నాలో ఏదో ఒకదానికి తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. నన్ను తిట్టలేదు, వదిలీ పోలేదు. మాస్టారు చూసుకోమన్నది దీన్నేనా? అయితే నలుపుని నలుపని చెప్పిన పాపాయమ్మ గారికి అది మొదటి నుంచీ దగ్గరే ఉంది. ఉన్నదాన్ని లేదని నమ్మించింది నేను.

ఆ వారమే వాళ్ల ఊరు వెళ్లాను. వసారాలో బియ్యం ఏరుకుంటున్నారు. అంతా చెప్పేశాను. వెలుగు లేదని, మలినం ఉందన్నది నా భయం కొద్దీ అన్న మాటేనని. ఆవిడ చేట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నారు. విని, నవ్వి, వయసులో నాకంటే పెద్దావిడ, వంగి నా పాదాలకు దణ్ణం పెట్టారు. నాలాంటిదాని మనసు కుదుటపడాలని మీ గొప్పతనాన్ని మీరే తగ్గించుకుంటున్నారు, అన్నారు. ఒట్టేసి చెప్పాను. వినలేదు.

ఆవిడ నమ్మరు. అందుకే మీకు రాస్తున్నాను. నాకు ఏ వెలుగూ కనపడలేదు. మీరైనా నమ్మండి.