అత్తమ్మ నానేసిన చెక్క

మొన్న మా అమ్మాయి అద్దె ఇంటికి వెళ్తే, వంటగది గోడకు ఒక చాపింగ్ బోర్డు వేలాడుతోంది. ఎర్ర చెక్క, నల్ల చెక్క, తెల్ల చెక్క చారలుగా అతికించి నున్నగా తీర్చిన బోర్డు. "మస్తుగుంది గదా అమ్మా, మొన్ననే కొన్న" అంది. ఉందన్నాను. టీ కూడా తాగకుండా వచ్చేశాను. చారల చెక్క కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఏం చేయను!

దబీర్‌పురాలో మాది గుడి పూజారుల ఇల్లు. నేను పెద్ద కోడలిని. మా మరిది గుడి పని తనవల్ల కాదని ఫలక్‌నుమాలో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో చేరాడు. అంతే, అత్తమ్మ మడికి వాడు పనికిరాకుండా పోయాడు. "అందరితోటి కూసొని తింటడు, మల్ల నా వంటింట్లకా?" అని వరండాలో వేరే కంచం పెట్టించింది. దేవుడి మీద ఉన్న భక్తిలో పిసరంత కన్నబిడ్డ మీద ఉంటే ఆవిడ సొమ్మేం పోయేదో. వాడు అక్కడే తిని, కంచం తనే కడుక్కుని వెళ్లేవాడు.

మోకాళ్లు అరిగి అత్తమ్మ కత్తిపీట ముందు కూర్చోలేకపోతున్న రోజుల్లో, వాడు మేడ మీద ఒక పని మొదలుపెట్టాడు. కార్ఖానాలో మిగిలిన టేకు, నల్ల జిట్రేగి, మామిడి చెక్క ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కో ముక్కనూ రందాతో చిత్రిక పట్టి, రెండేసి పక్కపక్కన ఆనించి ఎండకు ఎత్తి చూసేవాడు. సందులోంచి సన్న వెలుగు కనిపించినా మళ్లీ రందానే. తెల్ల జిగురు పూసి, బిగించే సాధనం లేక పాత సైకిల్ ట్యూబులు చుట్టి, పైన బరువుకు రుబ్బురోలు పొత్రం పెట్టాడు. ఉప్పు కాగితంతో రుద్దీ రుద్దీ కొబ్బరినూనె పట్టిస్తే చారలు పట్టుచీర అంచులా తేలాయి. "అమ్మ నిలబడి తరుగుకుంటది వదినా. నేను చేసిన చెక్క లోపలికి పోతే, నన్ను ఎన్నాళ్లు ఆపుతది?" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది.

అత్తమ్మ చెక్కను అటూ ఇటూ తిప్పి, "మంచిగ చేసినవ్‌రా" అంది. ఆ మాటకే వాడి కళ్లు తడిశాయి. "తడిగుడ్డతోటి తుడువమ్మా. నీళ్లల్ల మాత్రం నానెయ్యకు, అతుకు ఊడుతది" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. వాడు సందు మలుపు తిరిగాడో లేదో, ఆవిడ గంగాళంలో పసుపు నీళ్లు కలిపి చెక్కను ముంచేసింది. నేను అడ్డం పడితే, "శుద్ధి చేయకుండ ఎట్ల వాడుతరు?" అని కసిరింది. మర్నాడు వాడు వచ్చేసరికి ఏ ముక్కకు ఆ ముక్క ఊడి, ఉబ్బి ఉంది.

"చెప్పిన గదమ్మా."

"బయటి నుంచి ఏదొచ్చినా నేను గట్లనే చేస్త."

"నేను గూడ బయటి నుంచేనా?"

ఆవిడ మోకాళ్లు పట్టుకుని కత్తిపీట ముందు కూలబడి, బీరకాయ తరగసాగింది.

అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు వంటిల్లు నాది, మడీ లేదు, మన్నూ లేదు. పండుగకు వచ్చిన మరిదిని చేయి పట్టుకుని లాగినా లోపలికి రాడు. "ఇక్కడ్నే అలవాటైంది వదినా" అని వరండాలోనే చతికిలబడతాడు. కాలం అన్నీ సర్దుతుందంటారు. మా ఇంట్లో అది చేసిందల్లా, గడప అవతల కూర్చున్నవాడి తల నెరిసేలా చేయడమే.