ఊదమన్న గుమ్మంలో

పోయిన బుధవారం మా తమ్ముడు కన్నుమూశాడు. తాగి తాగి చచ్చాడని మీ చెవిన పడే ఉంటుంది. శవం లేవకముందే ఆ మాట నెల్లూరు చేరింది. అది అబద్ధం.

వాడు కాలువ మీద ఉప్పు పడవ నడిపేవాడు. మద్యనిషేధం పుణ్యాన సారా దొరకని రేవు లేదు, వాడు తాగని రేవూ లేదు. అది దాచను. మూడు నెలల కిందట మా అరుగు మీద కూర్చుని, "అక్కా, పడవకైతే లంగరుండాది. నాకేదీ?" అన్నాడు. టౌను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తాగితే కడుపులో తిప్పి వాంతులయ్యే మాత్రలిచ్చాడు. రోజూ పొద్దున నా ఎదుటే మజ్జిగతో మింగి, నాలుక ఎత్తి చూపేవాడు.

"చూసుకోక్కా, సరుకు దిగింది."

మా సంఘపెద్దకు అది చాలలేదు. నా దగ్గరే అక్షరాలు దిద్దినవాడు, ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో "ఊదన్నా, ఊదు" అనేవాడు. మనవలున్న నా తమ్ముడు నలుగురిలో ఊదేవాడు. "ఆయన ముక్కు దొడ్డది గదక్కా, దానికీ పని కావాల" అని నవ్వేవాడు.

రెండో నెలలో అన్నం వెగటైంది. ఒళ్ళంతా దురద. కళ్ళు పచ్చబడ్డాయి.

"నోరు దాస్తాడు, కళ్ళెట్టా దాస్తాడు? తాగతానే ఉండాడు" అని పెద్ద తీర్పిచ్చి, ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టెకు దూరం పెట్టాడు. డాక్టరుదీ అదే మాట. మనిషిని చూడకుండానే ఒక మాత్రను రెండు చేశాడు.

"ముట్టలేదక్కా" అన్నాడు తమ్ముడు. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్నదాన్ని, వాడి నిజాన్ని పట్టుకోలేకపోయాను. పది రోజులు నా చేత్తోనే రెండేసి మింగించాను. నాలుక ఎత్తి చూపడం వాడు మానలేదు.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ మాత్రల సీసా చూసింది. "తాగుడు కాదమ్మా, ఈ మాత్రే కాలేయాన్ని తినేసింది. అరుదుగా కొందరికి ఇట్లా అవుతుంది. కళ్ళు పచ్చబడిన రోజే ఆపాల్సింది" అంది.

సమాధి దగ్గర ప్రార్థన మధ్యలో పెద్ద "తాగుబోతుల గతి ఇది" అన్నాడు. నేను ఆమెన్ అనలేదు. శత్రువును క్షమించమన్నారు; క్షమిస్తాను, తొందరేముంది.

మొన్న ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. పెద్ద వచ్చాడు.

"ఊదు నాయనా" అన్నాను.

"ఏంది పంతులమ్మా, నలుగురిలో?"

"వాడు ఊదిందీ నలుగురిలోనే. ఊదు. ఊది, వాడు తాగలేదని ఆ నలుగురికీ చెప్పు."

తల వంచుకుని పక్క తలుపు నుంచి లోపలికి పోయాడు. వచ్చే ఆదివారం ఆ తలుపు దగ్గర నా కోడలు నిలబడుతుంది.

మరి మింగించిన నా చేతి సంగతి? మాత్రలు మిగిలిన సీసాను మజ్జిగ చెంబు పక్కనే ఉంచాను. రోజూ పొద్దున దాని ఎదుట కూర్చుంటున్నాను. నాలుక ఎత్తి చూపేవాడు రాడు.