సార్ తర్వాత కామా

నిన్న రాంగోపాల్‌పేట్‌లో జిరాక్సు తీయించుకుంటుంటే వేడి కాగితం వాసన ముక్కుకు తగిలింది. మా పాత ఆఫీసూ, నరసింహంగారూ గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. సరే, ముందు మంచే చెబుతాను.

చిలకలగూడలో ఒక ప్రైవేటు బడి ఆఫీసుకు ఆయన సూపరింటెండెంటు, నేను టైపిస్టును. ఆయనది కృష్ణా జిల్లా. నాకు రాత నేర్పింది ఆయనే. నా ఉత్తరాలను ఎర్ర సిరాతో దిద్దుతూ, "కామా అంటే పొలం గట్టు లాంటిదమ్మాయ్. గట్టు జరిపావంటే చేను పక్కవాడిదైపోతుంది" అనేవారు. ఆ మాటకు మురిసిపోయాను. గట్లు జరపడం కూడా ఆయనకు బాగా తెలుసని అప్పుడు తోచలేదు.

ఒక ఏడాది పరీక్షలకు ముందే ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయి. బీరువా తాళంచెవి ఆయా యాదమ్మ దగ్గరుండేది. ఆమె వాంగ్మూలం రాసి పంపమంది యాజమాన్యం. యాదమ్మ మా ఇద్దరి ముందు నిలబడి, "చెవి నేనియ్యలే, సార్ తీస్కున్నరు" అంటూ ప్రిన్సిపాల్ గది వైపు చెయ్యి చూపింది.

అలాగే టైపు చేశాను: 'తాళంచెవి నేను ఇవ్వలేదు, సార్ తీసుకున్నారు.' నరసింహంగారు ఆ కామా కొట్టేసి, ఇంకోచోట పెట్టారు: 'తాళంచెవి నేను ఇవ్వలేదు సార్, తీసుకున్నారు.' ప్రిన్సిపాల్ కాస్తా ఉత్త పిలుపైపోయాడు. ఎవరో తీసుకుపోతుంటే ఈవిడ చూస్తూ ఊరుకుందన్న అర్థం మిగిలింది.

"ఆమె చెప్పింది అది కాదు కదండీ."

"ఒక్క అక్షరం మార్చానా? మళ్లీ కొట్టు. నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

కొట్టాను.

యాదమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేసేముందు నా వైపు తిరిగి, "జెర సదివి చెప్పు బిడ్డా" అంది. చదివాను. కాగితంలో కామా ఎక్కడున్నా, 'ఇవ్వలేదు' దగ్గర ఆగి, 'సార్ తీసుకున్నారు' అని కలిపి చదివాను. ఆమె తృప్తిగా తలూపి వేలిముద్ర వేసింది. నరసింహంగారు నన్ను చూసి నవ్వారు. శిష్యురాలు చేతికొచ్చిందన్న నవ్వు అది.

వారంలో ఆమెను తీసేశారు. గేటు దగ్గర నన్ను ఆపి అడిగింది: "నువ్వు సదివినప్పుడు సక్కగనే ఉండె గద బిడ్డా. మరి గిట్లెట్ల అయింది?" ఆమెకు నా మీద అనుమానమైనా రాలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన నేర్పిన రాతతోనే ఇప్పటికీ బతుకుతున్నాను. నా కామాల్లో తప్పు పట్టినవాళ్లు లేరు. కానీ బ్యాంకులోనో ఆస్పత్రిలోనో ఎవరైనా కాగితం చాచి చదివి పెట్టమంటే, కళ్లజోడు తేలేదని అబద్ధమాడతాను. మొన్న ఒక ముసలమ్మ అడిగినప్పుడు అది నా ముక్కు మీదే ఉంది.