వాలిన అక్షరాల్లో దొరికిన రూతమ్మ పాట

2023 వేసవి. చేవెళ్లలో మా కంప్యూటర్ రిపేరు షాపు ముందు తారు కరిగి, వచ్చిన వాళ్ల చెప్పులు రోడ్డుకే అంటుకుపోతున్న రోజులు. సరే, ఒక్క చెప్పే. అదీ నాదే. ఆ శనివారం మధ్యాహ్నం ఎంకపల్లి నుంచి రూతమ్మక్క వచ్చింది. రిటైరైన అంగన్‌వాడీ టీచర్, వాళ్ల చర్చికి పాటలు రాసే మనిషి. తువ్వాలులో చుట్టిన పాత లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టింది.

“తమ్మీ, ఆన్ చేస్తే తెర మీద చక్రం తిరుగుతనే ఉన్నది, లోపలికి పోతలేదు. నా పాటలన్నీ దీంట్లనే ఉన్నయి. నోటుబుక్కు చెదలు తిన్నది. రేపు పొద్దున చర్చిల కొత్త పాట. పాడేటోళ్లకు రాగమొస్తది గని, మాటలు తెర మీద చూసే పాడాలె.”

“గింతేనా అక్కా? ట్రాక్టర్ కింద పడ్డ లాప్‌టాప్‌ల నుంచి పెండ్లి ఫోటోలు తీసిన నేను!”

“ముందటి టైరా, ఎనుకటిదా?”

“ఎనుకటిదే.”

“పెద్దదే చెప్తవని నాకెరికే. జర నాది చూడు.”

విండోస్ పాడైనా హార్డ్ డిస్క్ బాగానే ఉంది. నా లైవ్ పెన్‌డ్రైవ్ గుచ్చాను. అందులో విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ మొత్తం ఉంటుంది. డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. మొదటి తెర మీద ‘ట్రై’, ‘ఇన్‌స్టాల్’ అని రెండుంటాయి. ఫైళ్లు కావాలంటే ‘ట్రై’నే నొక్కాలి. తొందరపడి రెండోది నొక్కి డిస్క్ తుడిచేసుకున్న వాళ్లను చూశాను. రెండు నిమిషాల్లో ఆమె ఫోల్డర్ తెర మీదికొచ్చింది. ముందుగా దాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, గర్వంగా కొత్త పాట తెరిచాను.

తెర నిండా ఇంగ్లిషు అక్షరాలు, ప్రశ్నార్థకాలు, డాలర్ గుర్తులు!

“నీ లైనక్స్‌కు తెలుగు రాదా తమ్మీ?” అంది నవ్వుతూ. నేను నవ్వకపోయేసరికి ఆమె నవ్వూ ఆగింది. “అంటే... పోయినట్లేనా?”

ఫైలు మూసి మళ్లీ తెరిచాను, అదే గోల. అప్పుడు పైన ఫాంట్ పేరుండే పెట్టె మీద నా కన్ను పడింది. పేరు పక్కకు వాలిన అక్షరాల్లో ఉంది. లైనక్స్‌లో ఇలాంటి ఫైళ్లు తెరిచే లిబ్రేఆఫీస్‌లో అలా కనిపిస్తే, ఆ ఫాంట్ ఈ సిస్టమ్‌లో లేదని అర్థం.

“అక్కా, ఈ తెలుగు ఫాంటు ఎవరు ఎక్కించిన్రు?”

“షాబాద్‌ల డీటీపీ ఆయన. పదేండ్లయితున్నది.”

ఎగిరి గంతేశాను! పాత డీటీపీ ఫాంట్లు తెలుగును ఇంగ్లిషు అక్షరాల చోట దాస్తాయి. ఆ ఫాంట్ లేకపోతే తెలుగు కనిపించదు, కానీ పాట ఎక్కడికీ పోదు. పాత డిస్క్‌లోనే విండోస్ ఫోల్డర్, దానిలో ఫాంట్స్ ఫోల్డర్. కావలసిన ఫైలు అక్కడే ఉంది! లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లో, ముందు చుక్కతో ‘.fonts’ అనే ఫోల్డర్ చేసి అందులో వేశాను. చుక్క ఉన్నవి దాగి ఉంటాయి, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడతాయి. లిబ్రేఆఫీస్ మూసి మళ్లీ తెరిచాను.

‘బోరెండిన చేనుకు వానవై వచ్చినావు ప్రభువా...’

రూతమ్మక్క చదవలేదు, పాడింది. రెండో చరణానికి పక్క షాపు టైలరు మిషన్ ఆపాడు. ఇది నిజం, కావాలంటే ఆయన్నే అడగండి.

పాటలన్నీ పీడీఎఫ్ చేసి ఇచ్చాను. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉంటుంది కాబట్టి చర్చి కంప్యూటర్‌లోనూ తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. మర్నాడు నేనూ ఎంకపల్లి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. పాటకు ముందు ఆమె మైకు అందుకుంది.

“ఈ పాటను మా తమ్ముడు ట్రాక్టర్ కింది నుంచి తీసిండు. ఎనుకటి టైరు!”

చర్చంతా నా వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి ఏ లాప్‌టాప్ వచ్చినా ఫైళ్లతో పాటు ఫాంట్స్ ఫోల్డర్ కూడా కాపీ చేస్తాను. ట్రాక్టర్ కథ మాత్రం మానేశాను. అది ఊరూరా పాకి, మొయినాబాద్‌లో ఇప్పుడు దాన్ని నాకంటే బాగా చెబుతున్నారు. అక్కడ ట్రాక్టర్‌కు ట్రాలీ కూడా తగిలించారు.