శనివారం నాడు లితాంగ్

నేపర్‌విల్ స్టేషన్ పక్కనున్న పార్కింగ్ భవనం మెట్లెక్కి దిగుతూ ఒక మనిషి టిబెట్ గడ్డిమైదానాలకి సిద్ధమవుతుందంటే మొదట నేనే నవ్వాను. కానీ ఇల్లినాయిస్ చపాతీ పీటంత చదును. ఎక్కడానికి ఇంకేముంది?

త్రివేణికి యాభై ఎనిమిది. పదకొండేళ్లుగా ఇండియన్ గ్రోసరీ వెనక వంటగదిలో గోంగూర పప్పు, గుత్తివంకాయ వండుతోంది. డెబ్భై దాటినా నా కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. ఒకరోజు కౌంటర్ దగ్గర లితాంగ్ గురించి వాగాను. నాలుగు వేల మీటర్ల ఎత్తున ఊరు, చుట్టూ కనుచూపుమేర గడ్డి, జడలబర్రెలు. ఆమె గరిటె ఆపింది.

"నాలాంటిది వెళ్లగలదా అన్నయ్యగారూ?"

"మోకాళ్లు ఒప్పుకుంటే."

మర్నాటినుంచి వీపున ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాతో ఐదంతస్తులు, రోజుకి పదిసార్లు. పక్కింటి అమ్మాయి హంసిక చూసి కంగారుపడింది.

"ఆంటీ, కార్ ఎక్కడ పార్క్ చేశావో మర్చిపోయావా? నేను హెల్ప్ చేస్తా!"

"కార్ దొరికిందమ్మా. ఊరే ఇంకా దొరకలేదు."

సెప్టెంబర్‌లో ఇద్దరం చైనాలోని చెంగ్డూలో దిగాం. ఎత్తుకి అలవాటు పడేందుకు దారిలో కాంగ్‌డింగ్ ఊళ్లో రెండు రాత్రులు ఆగాం. మూడోరోజు కనుమ ఎక్కుతుంటే త్రివేణి ముఖం పాలిపోయింది. డ్రైవర్ తాషి వ్యాన్ ఆపి, ఫోన్‌లో అనువాదం వినిపించాడు: గంటలో తేరుకోకపోతే వెనక్కే.

"పొద్దున్నుంచి ఏం తిన్నావమ్మా?" అన్నాను.

"ఏం తింటాను? శనివారం కదా."

ఇరవయ్యేళ్ల ఒంటిపూట నియమం! నేపర్‌విల్‌లో చెల్లింది. పద్నాలుగు వేల అడుగుల మీద గాలి కూడా ఒంటిపూటే పెడుతుంది.

తాషి ఒక గిన్నెలో వెన్న టీ పోసి, పిండి వేసి ఇచ్చాడు. ఆమె వాసన చూసింది.

"ఇది పేలపిండిలా ఉందే!"

వేయించిన బార్లీ పిండి అని చెప్పాను. నేను తిరిగిన ఎన్నో చోట్ల దూరం నడిచేవాళ్లు వేయించిన పిండినే మూటగట్టుకుంటారు. పొయ్యి అక్కర్లేదు, పాడవదు. అదంతా చెప్పబోతుంటే త్రివేణి వినడంలేదు, తీర్పు చెప్పుకుంటోంది.

"తొలి ఏకాదశికి పేలపిండి తింటాం. ఉపవాసానికి అది పనికొస్తే ఇదెందుకు పనికిరాదు?"

"వెంకన్న ఏమంటాడో!"

"ఆయనా కొండమీదే ఉంటాడు. ఆకలి తెలియదూ?"

వేళ్లతో కలిపి ముద్దలు చేసి మూడు తినేసింది. "బెల్లం పడితే అదిరిపోయేది" అని కూడా అంది. ముప్పావుగంటకి బుగ్గల్లోకి రంగొచ్చింది. తాషి ఆమె ముఖం పరీక్షగా చూసి, బొటనవేలెత్తి, వ్యాన్‌ని ముందుకే పోనిచ్చాడు.

సాయంత్రం ఎండలో గడ్డి రాగిరంగుకి తిరిగింది. లితాంగ్ పొలిమేరలో త్రివేణి డ్రైవర్ సీటు తట్టింది. "ఆపు బాబూ. ఇంతదూరం వచ్చింది కూర్చుని ఊళ్లోకి వెళ్లడానికా?"

దిగి, కొంగు దోపుకుని, రోడ్డు మధ్యన నడిచింది. గుర్రాల మీద పోతున్నవాళ్లకి దండం పెట్టింది. వాళ్లు టోపీలు తీశారు. వెనక వ్యాన్‌లో తలనొప్పితో నేను. తాషి మాత్రం పెళ్లి ఊరేగింపులో బ్యాండువాడిలా హారన్ వాయిస్తూనే ఉన్నాడు.